నొక్కినవారిదేనా తప్పు?

శ్రోతలకు నమస్కారం.

బ్యాంకులోనో, బస్టాండు పక్కన ఏటీఎం ముందో ఈ మాట మీరు వినే ఉంటారు. "నాకు చదువు రాదు బిడ్డా, ఎక్కడో తప్పు నొక్కినట్టున్నాను." అనేది దేవరకొండ నుంచి వచ్చిన పెద్దాయన కావచ్చు, అచ్చంపేట నుంచి వచ్చిన అమ్మ కావచ్చు. బటన్లన్నీ ఒకే రంగులో, ఒకే సైజులో పెట్టి, వాటి మీద అర్థం కాని మాటలు రాసినవారు ఎక్కడో నిశ్చింతగా ఉంటారు. సిగ్గుపడేది మాత్రం నొక్కినవారు. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. దాని సంగతి చెప్పే ముందు, బాగా చేసిన వస్తువు ఒకదాన్ని తనివితీరా పొగుడుతాను.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర బత్తాయి పండ్ల బండి ఒకటి ఊహించుకోండి. సాయంత్రం రద్దీ. పెద్దమ్మ ఒక చేత్తో తక్కెడ పట్టుకుంది, రెండో చేత్తో కాయలు ఏరుతోంది. కళ్ళు ముల్లు మీద ఉన్నాయి. యూపీఐ 2016లో వచ్చింది. ఆ తరువాత చిల్లర బాధ తీరింది కానీ కొత్త బాధ ఒకటి మొదలైంది. కొనేవాడు తన ఫోను ఆమె ముఖం ముందు పెట్టి, "పంపాను పెద్దమ్మా, చూడు" అంటాడు. ఎండలో ఆ తెర కనబడదు. కనబడినా అక్షరాలు చిన్నవి. అది నిన్నటి ఫొటోనో, ఇప్పటి చెల్లింపో ఆమెకు ఎలా తెలియాలి? తన ఫోను తీసి చూసుకుందామంటే చేతులు ఖాళీ లేవు.

ఆ కష్టానికి జవాబుగా సౌండ్ బాక్స్ వచ్చింది. మన దేశంలో పేటీఎం 2019లో తెచ్చింది, తరువాత మిగతావారూ తెచ్చారు. ఇప్పుడు కొనేవాడు కోడ్ స్కాన్ చేసి డబ్బు పంపగానే, అరవై రూపాయలు ముట్టాయని ఆ పెట్టె తెలుగులో చెబుతుంది. పెద్దమ్మ తల ఎత్తదు. తక్కెడ దించదు. సంచి అందిస్తుంది, అంతే.

దీన్ని తయారుచేసినవారు ముందు ఆమె పనిని చూశారని నా నమ్మకం. చేతులు తీరిక లేకుండా ఉన్నాయి, కళ్ళు తీరిక లేకుండా ఉన్నాయి. ఖాళీగా ఉన్నది చెవి ఒక్కటే. కబురును ఆ చెవికే చేర్చారు. రేడియోలో మాట్లాడేవాణ్ణి కదా, చెవిని గౌరవించినవారంటే నాకు కాస్త పక్షపాతం. ఇంకో తెలివి కూడా ఉంది. ఆ పెట్టెలో దాని సొంత సిమ్ ఉంటుంది. కబురు కొనేవాడి ఫోను నుంచి రాదు, చెల్లింపుల కంపెనీ కంప్యూటర్ నుంచి నేరుగా వస్తుంది. కాబట్టి దొంగ ఫొటో చూపి దాన్ని మోసగించలేరు. నేర్చుకోవలసినదీ పెద్దగా లేదు. చిన్న ఫిర్యాదు ఒకటి ఉంది. ఆమె సంపాదన ఎంతో వీధంతా వింటుంది! అయినా క్షమించేస్తాను.

ఇక రెండో వైపు. తప్పు నొక్కడం చదువు రానివారి జబ్బు అనుకునేవారు ఈ కథ వినాలి. 2020 ఆగస్టులో అమెరికాలో సిటీబ్యాంకు, రెవ్లాన్ అనే కంపెనీకి అప్పిచ్చినవారికి సుమారు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలనుకుంది. వెళ్ళింది దాదాపు 90 కోట్ల డాలర్లు. వడ్డీతో పాటు అప్పు అసలు కూడా బయటికి పోకుండా ఆపాలంటే తెర మీద మూడు గడుల్లో టిక్కు పెట్టాలి. ఒకదాంట్లోనే పెట్టారు. ముగ్గురు చూశారు, ముగ్గురూ సరే అన్నారు. పంపే ముందు తెర హెచ్చరించింది కూడా: డబ్బు బ్యాంకు బయటికి వెళ్తుంది, కొనసాగించాలా? ఎంత వెళ్తుందో మాత్రం చెప్పలేదు. ఎంతో చెప్పలేదు! పది రూపాయల బేరానికి కూడా అంకె చెప్పే పెట్టె మన పండ్ల బండి మీద ఉంది. డబ్బు ముట్టినవారిలో కొందరు దాన్ని తిరిగి ఇచ్చేది లేదన్నారు. కోర్టుల్లో తిరిగి తిరిగి 2022లో బ్యాంకు గెలిచింది.

కావాలనే తికమక పెట్టే తెరలూ ఉన్నాయి. వద్దు అనే బటన్‌ను మసక రంగులో దాచడం, అడగని వస్తువును బుట్టలో చేర్చడం వంటివి. అలాంటి పదమూడు పద్ధతులను పేర్కొంటూ కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిమీద ఫిర్యాదుకు 1915కు ఫోన్ చేయవచ్చు. సమయం లేదు, ముందుకు వెళ్తాను.

మిగిలిన నిమిషం ఒక్క విషయానికి. "మీకు డబ్బు పంపుతున్నాను, పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే కొట్టకండి. ఈ మోసం ఎందుకు పండింది? మన నుంచి డబ్బు అడిగే కబురు, మనకు డబ్బు వచ్చే కబురు లాగే కనబడింది కాబట్టి. మనుషుల మధ్య అలా డబ్బు అడిగే సదుపాయాన్ని జాతీయ చెల్లింపుల సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ఎత్తివేసింది. జాగ్రత్త అని మనకు చెప్పి ఊరుకోకుండా, ఆ బటన్‌నే తీసేశారు. సరైన పని. కానీ డబ్బు వస్తుందని చెప్పి కోడ్ స్కాన్ చేయించేవారు ఇంకా ఉన్నారు. కాబట్టి మళ్ళీ చెబుతున్నాను. డబ్బు పంపడానికి మామూలుగా పిన్ కావాలి. ఖాతాలో ఎంత ఉందో చూడటానికి పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. ఎప్పుడూ అక్కరలేదు.

ఇంట్లో పెద్దవారి ఫోనులో చెల్లింపుల యాప్ భాషను ఈ రాత్రే తెలుగులోకి మార్చి ఇవ్వండి. డబ్బు పోయిందని తెలిస్తే ఎవరి తప్పో తరువాత తేల్చుకోవచ్చు, ముందు వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైతే ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది. లావాదేవీ నంబరు, సమయం దగ్గర పెట్టుకోండి. రెండూ యాప్‌లో పాత చెల్లింపుల జాబితాలో ఉంటాయి. నమస్కారం.