ఆ చొక్కా ఏ కవర్లో వచ్చింది?

అధ్యక్షులు గారికి, వేదిక మీదున్న పెద్దలకు, కుర్చీలు చాలక వెనక నిలబడి వింటున్న జూనియర్ లాయర్లకు నమస్కారం. కొత్త చట్టాల్లో ఫోరెన్సిక్ సాక్ష్యం గురించి మాట్లాడమన్నారు. సెక్షన్లన్నీ రాసుకొచ్చాను. కానీ ఇందాక టీ దగ్గర ఒక అబ్బాయి, ‘సార్, ఫోరెన్సిక్ ల్యాబ్, అదే ఎఫ్ఎస్ఎల్ రిపోర్టు పాజిటివ్ వచ్చాక ఇంక క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడగడానికి ఏముంటుంది?’ అన్నాడు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ సంగతి ముందు చెప్పుకోవాలి.

1994లో ఒక హత్య కేసు. ముద్దాయి తాపీ పని చేసుకునే కుర్రాడు, అతని తరఫు లాయర్ని నేను. అతని చొక్కా మీద మనిషి రక్తం, బి గ్రూపు అని రిపోర్టు. చనిపోయినాయనదీ బి గ్రూపే. ప్రభుత్వ లాయరు పీపీ గారు ఆ రిపోర్టును సాక్ష్యంగా మార్క్ చేస్తుంటే ‘నో అబ్జెక్షన్’ అన్నాను. బంట్రోతు పార్శిల్ విప్పి చొక్కా బయటికి తీశాడు. పాలిథిన్ కవర్లోంచి వచ్చింది. బూజు పట్టి, మడతల దగ్గర నల్లబడిపోయి ఉంది. బోనులోంచి ఆ కుర్రాడు మెల్లగా పిలిచాడు. ‘లాయరు గారూ, చొక్కా నాదే. కానీ ఆ రోజు దాన్ని న్యూస్‌పేపర్లో చుట్టి తీసుకెళ్లారండీ. ఈ కవర్లోకి ఎప్పుడు మారింది?’

‘నువ్వు ఊరుకో’ అన్నాను.

శిక్ష పడింది. ఆ రాత్రి ఇంట్లో కట్ట విప్పి కూర్చున్నాను. చొక్కా సీజ్ చేసినప్పుడు రాసిన మధ్యవర్తుల నివేదికలో ‘న్యూస్‌పేపరులో చుట్టి సీలు వేయడమైనది’ అని ఉంది. ల్యాబ్ రిపోర్టు మొదటి పేజీలో ‘పాలిథిన్ కవరు ఒకటి’ అని ఉంది. రెండు కాగితాలూ విచారణ జరిగినన్నాళ్లూ నా చేతిలోనే ఉన్నాయి. సీజ్ చేసిన రోజుకీ, ల్యాబ్‌కి చేరిన రోజుకీ మధ్య ఇరవై మూడు రోజులు. అన్ని రోజులూ ఆ చొక్కా ఎక్కడుంది? ఎవరు విప్పారు? మళ్లీ సీలు ఎవరు వేశారు? దర్యాప్తు అధికారిని, అదే ఐఓని, ఒక్క ముక్క అడగలేదు నేను. అసలు బి గ్రూపు అంటే ఎంత? మన దేశంలో సుమారు ముగ్గురిలో ఒకరిది బి గ్రూపే. అదీ అడగలేదు. అప్పీల్లో ఒక సీనియర్ గారు ఆ రెండు కాగితాలే పక్కపక్కన పెట్టి చూపించారు. కుర్రాడు బయటికొచ్చాడు, ఆరేళ్ల తర్వాత.

నేను సైన్స్‌ని తప్పుపట్టడం లేదు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు డీఎన్ఏ ఫింగర్‌ప్రింటింగ్‌ని నిలబెట్టినప్పుడు ఎంత గర్వపడ్డామో నాకు గుర్తుంది. కానీ ల్యాబ్ తన దగ్గరికొచ్చిన దాన్నే పరీక్షిస్తుంది. దారిలో ఏం జరిగిందో దానికెలా తెలుస్తుంది? జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో ఏళ్ల తరబడి ఒకే ఆడమనిషి డీఎన్ఏ సుమారు నలభై ఘటనల్లో దొరుకుతూ వచ్చింది. 2007లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక మహిళా పోలీసును చంపిన చోటా అదే. దేశమంతా ఆమె కోసం గాలించారు. తీరా 2009లో తేలిందేమిటంటే, నమూనాలు తీసే దూది పుల్లలకే ఆ డీఎన్ఏ అంటుకుని ఉంది. అది వాటి తయారీలో పనిచేసిన ఒక ఉద్యోగినిది. నేరస్థురాలే లేదు!

అంత దూరం ఎందుకు? మన విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్య కేసు చూడండి. డీఎన్ఏ నివేదిక ఉందన్నారు, 2010లో విజయవాడ కోర్టు ఒక యువకుడికి శిక్ష వేసింది. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయి తల్లిదండ్రుల కడుపుకోత సంగతేమిటి? ఢిల్లీ ఛావ్లాలో ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో ఉరిశిక్ష పడ్డ ముగ్గురిని 2022 నవంబర్‌లో సుప్రీంకోర్టు వదిలేసింది. 2012 ఫిబ్రవరి 14, 16 తేదీల్లో తీసిన నమూనాలు 27 దాకా మాల్‌ఖానాలోనే, అంటే పోలీసుల వస్తువుల గదిలోనే ఉన్నాయి. పార్శిల్ సరిగ్గా చూసుకోకపోతే ముద్దాయికే కాదు, బాధితులకూ అన్యాయమే. పీపీ గార్లూ, ఇది మీకూ చెబుతున్నాను.

సెక్షన్లు త్వరగా చెప్పేస్తాను. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలి, వీడియో తీయాలి. ఆ వీడియో అడిగి తీసుకోండి. 329 కింద ప్రభుత్వ నిపుణుడి రిపోర్టు ఆయన రాకుండానే సాక్ష్యంలోకి వస్తుంది, కానీ ఆయన్ని పిలిపించే అధికారం కోర్టుకుంది. పిటిషన్ వేయండి. 2025 జులైలో సుప్రీంకోర్టు డీఎన్ఏ నమూనాలు 48 గంటల్లోగా ల్యాబ్‌కి చేరాలంది. నమూనా చేతులు మారిన ప్రతిసారీ రాసే చైన్ ఆఫ్ కస్టడీ రిజిస్టర్ ఉండాలంది, అది కోర్టు రికార్డులోకి రావాలంది. మీలో ఎంతమంది ఆ రిజిస్టర్ చూశారు? చేతులెత్తండి.

...ఇద్దరు.

అధ్యక్షా, ఆ తీర్పులోని సూచనలు ప్రింటు తీయించి మన లైబ్రరీ గోడకి అంటించండి, ఖర్చు నాది. బాబూ, టీ దగ్గర అడిగిన అబ్బాయీ, నీకు కోపం వద్దు. ఆ 1994 కేసు కట్ట ఈ సంచిలోనే ఉంది. పేర్లు కొట్టేసి తెచ్చాను. భోజనాల తర్వాత ఇక్కడే కూర్చుందాం. నేను అడగని ప్రశ్నలు ఇంకా ఎన్నున్నాయో మీరు వెతకండి.