మారిషస్ దీవి ప్రేమకథ 'పోల్ ఎ విర్జినీ' రివ్యూ: ఎక్కడ నమ్మాలి, ఎక్కడ ఆగి చూడాలి

నమస్కారం అండీ. ఈ రోజు నవల 'పోల్ ఎ విర్జినీ'. ఇంగ్లీషు అనువాదం కావాలంటే 'పాల్ అండ్ వర్జీనియా' అని వెతకండి. రాసింది ఫ్రెంచ్ రచయిత బెర్నార్దిన్ ద సాన్-పియేర్, అచ్చయింది 1788లో. కథ జరిగేది హిందూ మహాసముద్రంలోని మారిషస్‌లో. అప్పుడది ఫ్రెంచివాళ్ళ వలస. పేరు 'ఇల్ ద ఫ్రాన్స్'.

ముందే చెబుతున్నాను, ముగింపు గురించి మాట్లాడతాను. దాచడానికి ఏమీ లేదు కూడా. పోర్ట్ లూయిస్ వెనక కొండ పక్కన కూలిపోయిన రెండు గుడిసెల దగ్గర కథ మొదలవుతుంది. అక్కడ ఎవరుండేవారో ఒక ముసలాయన చెబుతాడు. అందరూ పోయారని మొదటి పేజీకే అర్థమైపోతుంది.

ఈ పుస్తకం మీద నా అభిప్రాయం ఇదీ. దీవి గురించి, చెట్ల గురించి, గాలివాన గురించి రచయిత చెప్పేవి నమ్మొచ్చు. ఆయన 1768 నుంచి 1770 దాకా అక్కడ ఇంజినీరుగా ఉన్నారు, కళ్ళతో చూసి రాశారు. 'ఈ కుటుంబం ఎంత హాయిగా బతికిందో' అని చెప్పే చోట మాత్రం మనం ఆగాలి. ఆ హాయి కోసం పొలంలో ఎవరు వంగి పనిచేస్తున్నారో చూసుకుంటూ చదవాలి.

ముందు కథ. 1726లో ద లా తూర్ అనే నార్మండీ యువకుడు పెళ్ళాన్ని తీసుకుని ఈ దీవికి వస్తాడు. ఆమెది గొప్పింటి పుట్టుక, ఇతనిది కాదు. ఆమెను పోర్ట్ లూయిస్‌లో ఉంచి, బానిసల్ని కొనడానికి మడగాస్కర్ వెళ్ళి, అక్కడే జ్వరమొచ్చి చనిపోతాడు. గమనించారా, ఈ ప్రేమకథకు మొదటి మలుపే బానిసల బేరం. గర్భవతిగా మిగిలిన ఆమెకు మార్గరీత్ తోడు దొరుకుతుంది. మార్గరీత్ బ్రిటనీ పల్లెటూరి రైతుబిడ్డ. పెళ్ళి చేసుకుంటానని మాటిచ్చినవాడు కడుపులో బిడ్డతో వదిలేసి పోతే, ఊరు విడిచి దీవికి చేరిన మనిషి. ఆ బిడ్డ పోల్. మేడమ్ ద లా తూర్‌కి పుట్టే అమ్మాయి విర్జినీ. ఇరవై ఆర్పాన్ల నేలను, అంటే ఇంచుమించు ఇరవై ఎకరాలను, ముసలాయన ఇద్దరికీ చెరిసగం పంచుతాడు. గుడిసెలు పక్కపక్కనే. పిల్లలిద్దరూ ఒకే ఉయ్యాలలో పెరుగుతారు.

ఇప్పుడు పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం. వ్యవసాయం. ప్రేమకథలో వ్యవసాయం ఏమిటి అనుకోకండి, పుస్తకానికి ప్రాణం అక్కడే ఉంది. ఏ నేలలో ఏం వేశారో రచయిత వరసగా చెబుతారు. బలం లేని నేలలో చిరుధాన్యం, మొక్కజొన్న. మంచి నేలలో కొంచెం గోధుమ. నీళ్ళు నిలిచే పల్లంలో వరి. రాళ్ళ మొదట్లో గుమ్మడి, దోస, పాదులు రాళ్ళమీదికి పాకేలా. మెరక మీద పత్తి, గట్టి నేలలో చెరుకు, కొండవాలులో కాఫీ. నేల చూసి పంట వేయడం తెలిసినవాళ్ళు ఈ పేజీ చదివితే, రాసినాయన గట్టు మీద నిలబడి చూశాడని ఇట్టే పోల్చుకుంటారు.

కాలాన్ని లెక్కపెట్టే తీరు ఇంకా బాగుంటుంది. వాళ్ళింట్లో గడియారం లేదు, పంచాంగం లేదు. అరటిచెట్ల నీడ మొదట్లోకి వచ్చిందంటే మధ్యాహ్నం భోజనం వేళ. చింతాకులు ముడుచుకున్నాయంటే చీకటి పడబోతోంది. విర్జినీ తన వయసు చెప్పేటప్పుడు, నేను పుట్టాక మామిళ్ళు పన్నెండుసార్లు కాశాయి, నారింజలు ఇరవైనాలుగుసార్లు పూశాయి అంటుంది. మామిడికి ఏడాదికి ఒక కాపు, నారింజకు రెండు పూతలు. లెక్క సరిగ్గా సరిపోయింది. పెరట్లో చింతచెట్టు ఉన్నవాళ్ళకు ఆ సాయంత్రం గుర్తు ఎవరూ వివరించక్కర్లేదు.

ఒక చిన్న హెచ్చరిక. ఇదంతా మనిషి చెయ్యి పడని అడవి అన్నట్టు కొందరు విమర్శకులు రాస్తారు. కాదండీ. మామిడి, చింత, బొప్పాయి, కాఫీ, చెరుకు అన్నీ బయటి నుంచి ఓడల్లో వచ్చినవే. దీవిలో పుట్టినవి నల్లచేవ చెట్లు, లాతానియే అనే ఒక రకం తాటిచెట్లు, ఇలాంటివి. 'ప్రకృతి ఒడి' అని మనం చూసే తోట కూడా వలస తెచ్చిన తోటే.

ఇక ఈ పొలం పనంతా చేసేది ఎవరు? దొమింగ్ అనే వొలోఫ్ జాతి ఆఫ్రికన్. వంట చేసేది, బుట్టలు అల్లేది, మిగిలిన సరుకు పోర్ట్ లూయిస్‌కి మోసుకెళ్ళి అమ్మేది 'మరీ' అనే మడగాస్కర్ స్త్రీ. ఇద్దరూ బానిసలే. కుటుంబంలో మనుషుల్లాగే చూసుకున్నారని రచయిత అంటారు. వాళ్ళకు జీతం లేదు, వెళ్ళిపోయే హక్కు లేదు. ఆ మాట రచయిత ఎత్తరు.

దీనికి దగ్గరగా వచ్చే ఘట్టం ఒకటుంది, ఈ పుస్తకంలో అన్నిటికంటే ముఖ్యమైన ఘట్టం అదే అని నా అభిప్రాయం. నల్ల నది వైపు పెద్ద తోట నుంచి పారిపోయిన ఒక బానిస స్త్రీ, ఎముకల గూడులా, ఒంటి నిండా కొరడా వాతలతో విర్జినీ గుమ్మంలోకి వస్తుంది. విర్జినీ అన్నం పెడుతుంది. తర్వాత ఏం చేస్తుంది? పోల్‌ని వెంటబెట్టుకుని ఆమెను మళ్ళీ యజమాని దగ్గరికే తీసుకెళ్ళి, క్షమించమని బతిమాలుతుంది. అతను సరే అంటాడు. పిల్లలు సంతోషంగా తిరిగివస్తూ దారి తప్పుతారు. ఆకలేస్తే పోల్ కర్రకు కర్ర రాపాడించి నిప్పు పుట్టించి, తాటిజాతి చెట్టు మొదలు కాల్చి పడగొట్టి, మొవ్వు తీసి పెడతాడు. గొడ్డలి లేదు, ఉన్నా ఆ పీచు మానుకి గొడ్డలి తిరగదని రచయిత వివరం. నడవలేని స్థితిలో ఉన్న పిల్లల్ని మోసుకొచ్చి ఇంటికి చేర్చేది ఎవరనుకున్నారు? అడవిలో దాక్కున్న పరారీ బానిసలు. వాళ్ళకంటే ముందే పిల్లల్ని వెతుక్కుంటూ వచ్చిన దొమింగ్ ద్వారా తెలుస్తుంది, తిరిగి అప్పగించిన ఆ స్త్రీని యజమాని కాలికి గొలుసు వేసి మొద్దుకు కట్టాడని, మెడకు ఇనప పట్టీ బిగించాడని.

ఇక్కడ చట్టం కూడా తెలిసి ఉండాలి. ఈ దీవులకు 1723లో 'కోడ్ న్వార్' అనే బానిస చట్టం పెట్టారు. నెల రోజులు పరారీలో ఉన్న బానిసకు మొదటిసారి చెవులు కోసి భుజం మీద వాత, రెండోసారి మోకాలి వెనక నరం కోత, మూడోసారి మరణశిక్ష. ఇది తెలిశాక విర్జినీ మంచితనం ఎంత ప్రమాదకరమైనదో అర్థమవుతుంది. ఆ స్త్రీని దాచి ఉంచడం అనే ఆలోచన కథలో ఎవరికీ రాదు. రచయిత తన యాత్రాలేఖల్లో బానిసత్వాన్ని గట్టిగా తిట్టిన మనిషే. ఐరోపా కాఫీ, చక్కెరల సుఖం వెనక రెండు ఖండాల దుఃఖం ఉందని 1773లోనే రాశారు. నవలలోకి వచ్చేసరికి ఆ గొంతు ఈ ఒక్క ఘట్టంలోనే వినిపించి ఆగిపోయింది. నా పెద్ద ఫిర్యాదు ఇదే. పిల్లల కోసం కుదించిన ప్రతుల్లో ఈ ఘట్టం ఎగిరిపోయి ఉంటే, ఆ ప్రతి కొనకండి.

(స్క్రీన్ మీద: కోస్తా రేవుల మ్యాప్)

తెలుగువాళ్ళకు ఒక చిన్న కానుక ఉంది ఇందులో. ఫ్రాన్స్‌లో మేడమ్ ద లా తూర్‌కి డబ్బున్న ముసలి అత్త ఉంది, విర్జినీని పంపమని ఆమె ఉత్తరం రాస్తుంది. గవర్నర్ లా బూర్దొనే స్వయంగా గుడిసెకు వచ్చి వెండి నాణేల సంచి బల్ల మీద పెడతాడు. ఈయన నిజం మనిషి, 1746లో మద్రాసును పట్టుకున్న లా బూర్దొనేయే. ఇంట్లో డబ్బు పడిందని తెలియగానే వర్తకులు కొండెక్కి వచ్చి గుడ్డలు పరుస్తారు. కడలూరు బట్ట, పులికాట్ రుమాళ్ళు, మచిలీపట్నం రుమాళ్ళు, ఢాకా మస్లిన్లు, సూరత్ తెల్లబట్ట, కొమ్మలూ రెమ్మలూ అద్దిన రంగుల చీటిగుడ్డలు. అంతవరకూ ఆ తల్లులు కట్టింది బానిసలు కట్టే ముతక నీలం బెంగాల్ గుడ్డ. అంటే మన కృష్ణా తీరంలో తయారైన రుమాలు ఈ కథలో 'డబ్బొచ్చింది' అనడానికి గుర్తు. ఈ ఒక్క పేరాలో హిందూ మహాసముద్రపు వ్యాపారం మొత్తం కనిపిస్తుంది.

పోల్, విర్జినీల ప్రేమ సంగతి? చిన్నతనం చక్కగా ఉంది. వయసొచ్చాక విర్జినీలో కలిగే అలజడిని డిసెంబరు ఉక్కతో కలిపి రాసిన రాత్రి, ఆ వెంటనే తోటను ఊడ్చేసిన వాన, రెండూ చాలా బలమైనవి. పోల్‌కి తన పుట్టుక సంగతి తెలిసే సన్నివేశం కూడా గట్టిగా తగులుతుంది. తండ్రి పేరు లేనివాడికి గొప్పింటి పిల్లనిస్తారా అనే ప్రశ్న దీవి దాకా వచ్చింది. విర్జినీ ఓడెక్కిన సంగతి పోల్‌కి ఆలస్యంగా తెలుస్తుంది. ఆమెకు ఉత్తరాలు రాయాలని అతను చదువు నేర్చుకుంటాడు. ఫ్రాన్స్ నుంచి ఆమె పూలమొక్కల విత్తనాలు పంపుతుంది. కొన్నే మొలుస్తాయి, అవీ ఎదగవు. దారిలో పాడయ్యాయో, ఈ ఎండ పడలేదో అంటాడు ముసలాయన. పది పేజీల విరహం చెప్పలేనిది ఈ రెండు వాక్యాలు చెప్పాయి.

బోరు కొట్టే చోటు కూడా చెప్పాలి. విర్జినీ వెళ్ళాక ముసలాయనకూ పోల్‌కూ మధ్య పెద్ద సంభాషణ ఉంది. ఫ్రాన్స్‌లో ఉద్యోగాలు, పదవులు, పుస్తకాలు, కీర్తి. కథ అక్కడ కదలదు. మొదటిసారి చదివేవాళ్ళు పైపైన చూసి ముందుకెళ్ళినా కథ తెగదు. కన్నీళ్ళు కూడా ఎక్కువే. అది ఆ కాలపు ఫ్రెంచ్ పాఠకుల అభిరుచి.

ఇక ఓడ ప్రమాదం. అత్త చెప్పిన పెళ్ళికి విర్జినీ ఒప్పుకోలేదు. అత్త ఆస్తి ఇవ్వనని చెప్పి, తుపాన్ల కాలంలో దీవికి చేరేలా ఆమెను ఓడెక్కించింది. ఓడ పేరు సాన్-జెరాన్. ఇది నిజంగా ఉన్న ఓడ. 1744 ఆగస్టులో దీవికి ఈశాన్యంగా, ఇల్ ద ఆంబ్ర్ అనే చిన్న దీవి దగ్గర పగడపు దిబ్బను కొట్టుకుని మునిగింది. బతికింది పదిమంది లోపే. నవలలో ఆ తేదీని డిసెంబరు నెలాఖరుకు మార్చారు. ఎందుకో చూడండి. అక్కడ తుపాన్లు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. ఆగస్టు అక్కడ చలికాలం. అత్త కక్ష, కథలో తుపాను, రెండూ కుదరాలంటే డిసెంబరే కావాలి. చరిత్ర మార్చారని కొందరు తప్పుపడతారు. నాకైతే ఇది కథ తెలిసినవాడి పనితనం.

తుపాను ముందు గుర్తులు చదవండి. కొండల్లో రాత్రంతా మూలుగు, గాలి లేకుండానే ఆకులు కదలడం, సముద్రపక్షులు ఒడ్డుకు చేరడం. ఓడ పగడపు దిబ్బకు లోపల, నేలకు మధ్య ఇరుక్కుంది. లంగరు తాళ్ళు ఒక్కొక్కటే తెగాయి. ఒడ్డుకు దాదాపు వంద మీటర్ల దూరంలో రాళ్ళకు తగిలింది. పోల్ నడుముకు తాడు కట్టుకుని దూకుతాడు, అలలు విసిరికొడతాయి, మళ్ళీ దూకుతాడు. కోస్తాలో తుపాను చూసినవాళ్ళు ఈ పేజీలను తప్పకుండా చదవాలి. సముద్రాన్ని ఇంత దగ్గరగా చూసి రాసినవి తక్కువ.

చివర్లో ఒక నావికుడు బట్టలు విప్పి దూకమని విర్జినీని వేడుకుంటాడు. ఆమె ఒప్పుకోదు, మునిగిపోతుంది. రచయిత దీన్ని శీలానికి శిఖరంగా చూపించారు. నేను ఒప్పుకోను. బతకడం కంటే సిగ్గు ముఖ్యమని ఒక అమ్మాయికి నేర్పింది ఎవరు? ఆ చదువు చెప్పిన ఫ్రాన్స్ కాన్వెంటు గురించి కాసేపు ఆలోచించి చదివితే, ఈ సన్నివేశం రచయిత అనుకున్నదానికంటే భయంకరంగా ఉంటుంది.

రేటింగ్ 5కి 3.5. వర్ణనకు, తుపానుకు పూర్తి మార్కులు. తగ్గించింది బానిసల విషయంలో చూపు తిప్పుకున్నందుకు, ఆ పెద్ద సంభాషణకు.

ఏ ప్రతి చదవాలి? చిన్న నవలే, అధ్యాయాలు లేవు, ఒక ఆదివారంలో అయిపోతుంది. ఉచితంగా కావాలంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో పాత ఇంగ్లీషు అనువాదం ఉంది. 1795 నాటి హెలెన్ మరియా విలియమ్స్ అనువాదం చేతికొస్తే ఒకటి గుర్తుంచుకోండి. ఆమె తన సానెట్లు కొన్ని మధ్యలో చేర్చారు, తాత్విక చర్చలు కొన్ని తీసేశారు. చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ మూలం పూర్తిగా కాదు. పూర్తి పాఠం కావాలంటే జాన్ డొనోవన్ చేసిన పెంగ్విన్ అనువాదం చూడండి. చదివేటప్పుడు పక్కన మారిషస్ మ్యాప్ తెరిచి పెట్టుకోండి. పోర్ట్ లూయిస్, పాంప్లెమూస్ చర్చి, నల్ల నది, ఇల్ ద ఆంబ్ర్, ఈ నాలుగూ గుర్తు పెట్టుకుంటే ఎవరు ఎంత దూరం నడిచారో తెలుస్తుంది.

మారిషస్ వెళ్ళేవాళ్ళుంటే, సాన్-జెరాన్ గంట మాహెబూర్ మ్యూజియంలో ఉంది. పోర్ట్ లూయిస్ బ్లూ పెన్నీ మ్యూజియంలో ప్రోస్పేర్ దెపినే చెక్కిన పోల్, విర్జినీల పాలరాతి బొమ్మ ఉంది. అదే ఊళ్ళో వలస కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ కూడా చూడండి. 1835లో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకు మన కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగు కూలీలు దిగిన ఊరు అదే. వాళ్ళ వారసులు ఈ వీడియో చూస్తుంటే, మీ ఇంట్లో ఈ కథ ఎలా చెప్పుకుంటారో కామెంట్లలో రాయండి.