ఫారడే రికార్డు బుక్కు

హోస్ట్: నమస్కారం! ఈరోజు విశాఖలో, ఫిజిక్స్ మాస్టారి ఇంటి వరండాలో కూర్చున్నాం. పాత ఫిజిక్స్ పుస్తకాలు నెట్‌లో ఎలా దొరుకుతాయో అడుగుదాం. మధ్యలో కుక్కర్ విజిల్ వస్తే సర్దుకుపోండి. మాస్టారూ, ట్యాబ్‌లో ఏంటది?

మాస్టారు: ఫారడే, అమ్మా. విద్యుత్తు మీద ఆయన ప్రయోగాలు, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలోని స్కాన్. పేరాపేరాకీ నంబరు వేసుకుంటూ పోయాడు మహానుభావుడు. మూడు వేలు దాటింది!

హోస్ట్: ఈక్వేషన్లు?

మాస్టారు: దాదాపు కనపడవు. తీగ చుట్టాను, అయస్కాంతం లోపలికి తోశాను, సూది కదిలింది. అచ్చం మన రికార్డు బుక్కే. కాకపోతే పక్కవాడిది చూసి రాసింది కాదు.

హోస్ట్: (నవ్వు) నేను వెతికితే అన్నీ కోచింగ్ పీడీఎఫ్‌లే వస్తాయండీ.

మాస్టారు: పేరు పక్కన ఏడాది కూడా కొట్టు. విద్యుత్తు, అయస్కాంతత్వం మీద మాక్స్‌వెల్ రాసిన పుస్తకం కావాలా, ‘మాక్స్‌వెల్, 1873’ అని కొట్టు. ఇంకోటి, స్కాన్ బొమ్మలే చూడు. టెక్స్ట్ ఫైల్లో ఇంటెగ్రల్ గుర్తు కాస్తా ఏదో అక్షరమై కూర్చుంటుంది, ఇక ఆ లెక్క దేవుడికే అర్థం కావాలి. ఐన్‌స్టైన్ సాపేక్షతా పేపర్లైతే 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం వేసిన అనువాదం ఉంది. చేసిందెవరనుకున్నావ్? మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్. ఇద్దరికీ అప్పటికి ముప్పై నిండలేదు.

హోస్ట్: అబ్బో! మరి ఫైన్‌మన్ ఫిజిక్స్ లెక్చర్లు?

మాస్టారు: ఆయన పాఠాలు చెప్పిన అమెరికా విద్యాసంస్థ కాల్టెక్ వాళ్ళు మూడు సంపుటాలూ ఆన్‌లైన్‌లో పెట్టారు. ఉచితంగా చదువుకోవడం వరకే, హక్కులు వాళ్ళవే. ఈ తేడా మా పిల్లలకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

హోస్ట్: మన సి.వి. రామన్‌వి?

మాస్టారు: ఆయన చిన్నప్పటి చదువు ఈ ఊళ్ళోనే కదా, వాళ్ళ నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మన చట్టంలో రచయిత పోయాక అరవై ఏళ్ళ దాకా కాపీరైట్ ఉంటుంది. రామన్ పోయింది 1970లో.

హోస్ట్: అంటే 2030 చివరిదాకా ఆగాలి.

మాస్టారు: చదవడానికి ఆగక్కర్లేదు, బెంగళూరు రామన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఆయన పేపర్లు నెట్‌లో పెట్టారు. ఆయన శిష్యుడు భగవంతం గారు రామన్ ఎఫెక్ట్ మీద రాసిన పుస్తకం 1940లో ఇక్కడే ఆంధ్ర విశ్వవిద్యాలయం అచ్చేసింది. కింద ‘వాల్తేరు’ అని ఉంటుంది. నా దగ్గరుంది, అట్ట ఊడిపోయింది.

హోస్ట్: ఓ వారం ఇస్తారా?

మాస్టారు: ఇక్కడ కూర్చుని చదువుకో. కాఫీ ఇస్తాను.