రెండో రసీదు: ఒకసారి ఇచ్చిన దాత మళ్లీ ఎందుకు ఇవ్వడు?

[తెర మీద: ఆఫీసు బల్ల. పక్కపక్కన రెండు రసీదు పుస్తకాలు. ఒక చెయ్యి పేజీలు తిప్పుతూ పెన్సిల్‌తో టిక్కులు పెడుతుంటుంది.]

నమస్కారమండీ. మీరు పిల్లల హోమ్ నడుపుతున్నా, వృద్ధాశ్రమం నడుపుతున్నా, పదిమందిని కూడగట్టుకుని ఊరి బడికి ఏదైనా చేస్తున్నా, వీడియో చూసేముందు ఒక పని చేయండి. పోయినేడాది రసీదు పుస్తకాన్నీ ఈ ఏడాది పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. పోయినేడాది ఇచ్చినవాళ్ల పేర్లలో ఈ ఏడాది మళ్లీ కనిపించినవాటికి టిక్కు పెట్టండి.

చాలా సంస్థల్లో ఆ టిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇది మన ఒక్కళ్ల సమస్యే కాదు. అమెరికాలో ఫండ్‌రైజింగ్ ఎఫెక్టివ్‌నెస్ ప్రాజెక్ట్ అని ఒకటుంది. వేల సంస్థల విరాళాల లెక్కలు కలిపి చూస్తుంటారు. ఏటా దాదాపు ఒకే సంగతి తేలుతోంది. మొదటిసారి ఇచ్చిన ఐదుగురిలో మరుసటి ఏడాది మళ్లీ ఇచ్చేది సుమారుగా ఒక్కరు. అదే, అప్పటికే ఒకటికి రెండుసార్లు ఇచ్చినవాళ్లయితే సగానికి పైగా నిలబడుతున్నారు. తాడు తెగుతున్నది ఎక్కడో దీన్నిబట్టి తెలిసిపోతోంది. మొదటి రసీదుకీ రెండో రసీదుకీ మధ్య.

మొదటి విరాళం ఎలా వస్తుందో మీకు తెలుసు. మీ బావగారో, బ్యాంకు మేనేజరుగారో, పదో తరగతి స్నేహితుడో ఒక మాట చెబుతారు. కాదనలేక ఇస్తారు. లేదంటే వాట్సాప్‌లో ఒక ఫొటో చూసి మనసు కరిగి అప్పటికప్పుడు ఫోన్‌పే చేస్తారు. ఆ తర్వాత పది నెలలు మీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ ఉండదు. పదకొండో నెలలో "దాతలు సహకరించగలరు" అంటూ మళ్లీ పోస్టరు వెళ్తుంది. అది చూడగానే ఆ మనిషికి వచ్చే ఆలోచన ఒక్కటే: కిందటిసారి ఇచ్చిందేమైంది? దానికి జవాబు ఎవరూ చెప్పలేదు. పోస్టరు పక్కకు జరిపేస్తాడు. చేతిలో డబ్బుంటుంది, మీ మీద కోపమూ ఉండదు. అయినా జరిపేస్తాడు.

[తెర మీద: ఎర్ర అట్ట వేసిన పెళ్లి చదివింపుల పుస్తకం. పేర్లు, ఊళ్లు, మొత్తాలు.]

మన ఇళ్లలో చదివింపుల పుస్తకం ఎంత భద్రంగా దాస్తారో చూడండి. ఎవరు, ఏ ఊరు, ఎవరి తరఫు, ఎంత అన్నీ ఉంటాయి. పాతికేళ్ల తర్వాత వాళ్లింట్లో పెళ్లికి బయల్దేరేముందు ఆ పుస్తకం బీరువాలోంచి బయటికొస్తుంది. దాతల పుస్తకం అంత శ్రద్ధగా రాసుకునే సంస్థ అరుదు. పేరు, ఫోను, మొత్తం, అక్కడితో సరి.

ఇంకో నాలుగు గళ్లు గీయండి. ఎవరి ద్వారా వచ్చారు, ఎవరి పేరు మీద ఇచ్చారు, ఏ రోజుకోసం ఇచ్చారు, పేరు బయటికి చెప్పొచ్చా లేదా. చివరిది చిన్న విషయం అనుకోకండి. ఫ్యాను రెక్కల మీద పేరు రాయించుకునే దాతలున్నారు, ఇంట్లో వాళ్లకు కూడా చెప్పకుండా ఇచ్చేవాళ్లూ ఉన్నారు. రెండూ మర్యాదైన కోరికలే. గుప్తదానం చేసినాయన పేరు ఫ్లెక్సీ మీద ఎక్కితే మాత్రం ఆయన ఇంక మీ గడప తొక్కడు.

మూడో గడి దగ్గర కాసేపు ఆగుదాం. తెలుగునాట విరాళాలు ఎక్కువగా నడిచేది రోజుల మీదే కదా.

[తెర మీద: తిరుమలలో అన్నప్రసాద భవనం. బారుగా వేసిన అరిటాకులు.]

1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు తిరుమలలో నిత్యాన్నదానం మొదలుపెట్టారు. ఇప్పుడది శ్రీవేంకటేశ్వర అన్నప్రసాదం ట్రస్టు. ఒక రోజు ఖర్చంతా మేమే భరిస్తాం అనేవాళ్లకు అక్కడ ఒక పథకం ఉంది. 2025లో ఉన్న రేటు ప్రకారం రోజంతటికీ 44 లక్షలు. ఉదయం అల్పాహారానికి 10 లక్షలు, మధ్యాహ్నానికి 17, రాత్రికి 17. దాత కోరిన రోజున తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనంలో తెర మీద వాళ్ల పేరు కనిపిస్తుంది.

దేవుడి మీద భక్తి ఎలాగూ ఉంది, దాన్ని మనం తూచలేం. కానీ ఆ ఏర్పాటులో మనం నేర్చుకోదగ్గది ఉంది. ఇచ్చే మొత్తానికి ఒక రూపం ఉంది. ఆ రోజు దాతదే. కూతురి పుట్టినరోజో, నాన్నగారు పోయిన రోజో. ఏడాది తిరిగేసరికి ఆ రోజు దానంతటదే మళ్లీ వస్తుంది. మీరు కొత్తగా సందర్భం వెతుక్కోనక్కర్లేదు.

చిన్న సంస్థలు కూడా ఇదే పద్ధతిలో "ఒక పూట భోజనం" అని తీసుకుంటున్నాయి. మంచిదే. అయితే రోజు రాసుకోవడంలో మెళకువ ఉంది. ఆబ్దికం పేరు మీద ఇచ్చిన దాతకు ఇంగ్లిషు తారీఖు చూసి ఫోన్ చేస్తే తప్పుతుంది. అది తిథి ప్రకారం వస్తుంది, ఏటా మారుతుంది. పుస్తకంలో మాసం, పక్షం, తిథి రాసుకుని, ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఆ ఏడాది తారీఖులన్నీ ఒకసారి కట్టించుకోండి. ముస్లిం దాతలు జకాత్ ఎక్కువగా రంజాన్ నెలలో ఇస్తారు, అదీ ఏటా ముందుకు జరుగుతుంది. కొందరు చర్చి పెద్దలకు డిసెంబరు ముఖ్యం. ఇంకో మాట: ఇంట్లో ఎవరైనా పోయారని తెలిస్తే అదే రోజు పుస్తకంలో దిద్దండి. కిందటి నెల కన్నుమూసిన తల్లి పేరు మీద "పుట్టినరోజు శుభాకాంక్షలు" అని మెసేజ్ వెళ్తే ఆ కొడుక్కి ఎలా ఉంటుందో ఆలోచించండి.

[తెర మీద: పిల్లల హోమ్ వంటగది. గోడ మీద సుద్దతో రాసిన నెల లెక్క.]

ఇప్పుడు అసలు చిక్కు. అందరూ భోజనమే పెడతామంటారు. ఆగస్టు 15న మూడు బృందాలు కేకులతో, బిర్యానీతో వస్తాయి. మామూలు మంగళవారం ఎవరూ రారు. వార్డెన్ జీతానికి, అద్దెకి, కరెంటు బిల్లుకి దాత ఉండడు. దీనికి మందు ధర చెప్పే తీరులోనే ఉంది.

ఒక హోమ్‌లో 30 మంది పిల్లలున్నారనుకుందాం. నెల ఖర్చు మొత్తం 2,40,000. అంటే రోజుకి 8,000. అందులో బియ్యం, కూరలు, పాలు, గ్యాసు కలిపి 3,600 అనుకోండి. మిగతా 4,400 వంటావిడ జీతం, వార్డెన్ జీతం, అద్దె, మందులు, బడి ఆటో. మీరు "ఒక రోజు భోజనం 3,600" అని రాస్తే ఆ 4,400 ఎప్పటికీ అప్పుగానే మిగులుతుంది. "ఒక రోజు నిర్వహణ 8,000" అని రాయండి. కింద ఆ లెక్క విడమర్చి పెట్టండి. సగం భరిస్తామంటే సగమే తీసుకోండి. జీతాలు కూడా అందులో ఉన్నాయని చెప్పడానికి మొహమాటపడకండి. రాత్రి రెండింటికి జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చునేది ఆ జీతం తీసుకునే మనిషే. సరిగా చెబితే దాతకు ఇది అర్థమవుతుంది. వెనకనుంచి తెలిస్తేనే మనసు విరుగుతుంది.

పుట్టినరోజు వేడుకల గురించి ఒక విషయం గట్టిగా చెప్పాలి. పిల్లల్ని వరసగా నిలబెట్టి, ముక్కూమొహం తెలియని వాళ్లకు పాట పాడించి, చేతుల్లో పళ్లేలు పెట్టించి ఫొటోలు తీయడం ఆపాలి. ఇది మర్యాద ఒక్కటే కాదు, చట్టం కూడా. 2015 జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ ప్రకారం సంరక్షణ అవసరమైన పిల్లల గుర్తింపు బయటపడేలా ఫొటోలు, వివరాలు ప్రచురించకూడదు. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. దాత ఉత్సాహంగా ఫేస్‌బుక్‌లో పెట్టాక తీయించడం కష్టం. గేటు దగ్గరే నవ్వుతూ చెప్పండి. బదులుగా వంటగది చూపించండి, స్టోర్‌రూమ్ చూపించండి, బియ్యం పుస్తకం చేతికివ్వండి. రిటైరైన లెక్కల మాస్టారికి ఆ పుస్తకంలో నాలుగు పేజీలు చూపిస్తే ఏ ఫొటోకీ రానంత నమ్మకం కుదురుతుంది.

[తెర మీద: ఫోనులో ఒక మెసేజ్ నెమ్మదిగా టైపవుతుంది.]

డబ్బు అందాక ఏం చేయాలి? రెండు రోజుల్లో రసీదు. దాంతోపాటు ఒక ఫోన్. ఆ ఫోన్‌లో ఇంకేమీ అడగకూడదు. మూడు నాలుగు నెలలకు ఒక మెసేజ్. దాని వరస ఇలా ఉండాలి:

"నమస్కారమండీ. జూన్‌లో మీ నాన్నగారి పేరు మీద మీరు ఇచ్చిన 8,000తో 14వ తేదీ మా హోమ్ నడిచింది. ఆ రోజు పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. అదే వారం తొమ్మిదో తరగతి పిల్లలకు యూనిట్ టెస్టులు మొదలయ్యాయి. వానలకు వెనక గది కారుతోంది, రేకులు మార్పిస్తున్నాం. మీరు ఇటువైపు వస్తే ఒకసారి రండి."

ఇంతే. "మీ అమూల్యమైన సహకారానికి హృదయపూర్వక ధన్యవాదములు" అన్న వాక్యం ఎవరికైనా పంపొచ్చు, అందుకే అది ఎవరికీ చేరదు. బెండకాయ వేపుడు గుర్తుంటుంది.

అనుకున్నది జరగకపోయినా చెప్పండి. బోరుకోసం డబ్బు పోగుచేశారు, నీళ్లు పడలేదు. వారం లోపలే అందరికీ రాయండి: ఎన్ని అడుగులు వేశాం, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, దాన్ని ఏం చేయమంటారు. అలా అడిగిన సంస్థను దాతలు వదలరు. బయటివాళ్ల నోట విన్నప్పుడే వదిలేస్తారు.

[తెర మీద: రసీదు దగ్గరగా. పాన్ నంబరు గడి మీద వృత్తం.]

పన్ను సంగతి త్వరగా చూద్దాం. అందరూ ఎయిటీ జీ అని పిలిచే, విరాళం మీద దాతకు వచ్చే పన్ను మినహాయింపు కావాలంటే 2,000 మించి నగదు ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో రావాలి. బియ్యం బస్తాలకు, బట్టలకు అది వర్తించదు. 2021-22 నుంచి మామూలు రసీదు ఒక్కటే చాలదు. దాతల వివరాలు సంస్థ ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టల్‌లో దాఖలు చేసి, అక్కడి నుంచి దాతకు విరాళం సర్టిఫికెట్ తీసి ఇవ్వాలి. దానికి గడువు మే 31. దాటితే సంస్థకు రోజుకి 200 రూపాయల లేటు ఫీజు. డబ్బు అందిన రోజే పాన్ నంబరు తీసుకుంటే మేలో పరుగులుండవు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఈ మినహాయింపే లేదు. అందుకని "పన్ను ఆదా" అని పోస్టరు మీద పెద్దక్షరాలతో వేయడం వల్ల ఇప్పుడు పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నెలనెలా 500 ఇచ్చేవాళ్లకు యూపీఐ ఆటోపే పెట్టించండి. డబ్బు కోసే తేదీ నెలాఖరున పెట్టకండి. జీతం పడ్డాక, 5వ తేదీకి 7వ తేదీకి మధ్య పెట్టండి. ఒక నెల కట్ కాకపోతే దాత తప్పుకున్నాడని అనుకోవద్దు. ఖాతాలో అప్పుడు లేకపోయి ఉండొచ్చు, బ్యాంకు మార్చి ఉండొచ్చు. ఒక్క ఫోన్‌తో చాలామంది మళ్లీ మొదలుపెడతారు. ఈ ఫోన్ చేసే మనిషి లేకే నెలవారీ దాతలు కరిగిపోతుంటారు.

[తెర మీద: రెండు పాస్‌పోర్టులు.]

అమెరికాలో ఉన్న మనవాళ్ల దగ్గర తీసుకునేముందు ఒక ప్రశ్న అడగాలి: మీ పాస్‌పోర్టు ఏ దేశానిది? ఇండియా పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత మూలాలవాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉన్నా సరే, విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద రిజిస్ట్రేషన్‌గానీ ముందస్తు అనుమతిగానీ ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి ఆ డబ్బు ముందుగా ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో సంస్థ తెరిచిన ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చులకు అందులో 20 శాతం మించి వాడకూడదు. ఆ రెండూ లేకపోతే ఎంత దగ్గర బంధువైనా "ఇప్పుడు వద్దండీ" అనే చెప్పాలి. ఎందుకు వద్దంటున్నారో విడమర్చి చెబితే మీమీద గౌరవమే పెరుగుతుంది.

చివరిగా, మీరు ఫోన్ చేసినప్పుడు "ఈ ఏడాది వీలు పడదండీ, అమ్మాయి ఫీజులున్నాయి" అనే దాత. చాలామంది ఇక్కడ రెండు పొరపాట్లలో ఒకటి చేస్తారు. సగమైనా ఇవ్వమని బతిమాలతారు, లేదా పేరు కొట్టేస్తారు. "పర్లేదండీ, అమ్మాయి ఏం చదువుతోంది?" అని అడగండి. విన్నది పుస్తకంలో రాసుకోండి. అక్టోబరులో అందరికీ పంపే మెసేజ్ వాళ్లకూ పంపండి, ఖాతా నంబరు లేకుండా. ఏడాది తర్వాత ఫోన్ చేసినప్పుడు ముందు అమ్మాయి చదువు ఎంతవరకొచ్చిందో అడగండి.