మన తీరం పేరు మోసిన చీనా తెరలు

సభకు నమస్కారం.

పాతకాలపు మడత తెరలను ఇంటి అలంకరణలో ఎలా వాడుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. లోకంలో ఉన్న మడత తెరలన్నిటినీ ఒక గంటలో చుట్టి రావడం కంటే, ఒక్క జాతి తెరను దగ్గరగా చూపించడమే మేలని నాకనిపించింది. అందుకు నేను ఎంచుకున్నది కోరమాండల్ తెర. దాని పేరులో మన తీరం ఉంది. దాని ఒంటి మీద మాత్రం మన చేతి పని ఒక్క గీత కూడా లేదు.

చోళమండలం అన్న మాట పరదేశీయుల నోట కోరమాండల్ అయిందని మీకు తెలిసినదే. 1611లో ఇంగ్లీషువారు మచిలీపట్నంలో వర్తకశాల తెరిచేనాటికే ఈ తీరపు రేవుల్లో తూర్పు దేశాల సరుకు దిగుతూ, ఎక్కుతూ ఉండేది. చీనాలో తయారైన పెద్ద పెద్ద తెరలు ఇటువంటి రేవుల మీదుగా ఐరోపాకు చేరేవి. అక్కడ కొనేవారికి సరుకు పుట్టిన ఊరు కంటే ఓడ ఆగిన ఊరే బాగా గుర్తుండేది. 17వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ పనికి జావా ద్వీపంలోని బాంటమ్ రేవు పేరు పెట్టి ‘బాంటమ్ పని’ అన్నారు; తరువాతి శతాబ్దంలో పారిస్ వేలంపాటల వారు కోరమాండల్ అన్నారు; చివరికి ఆ పేరే నిలిచింది. మచిలీపట్నం నుంచి నిజంగా మన చేతులతో తయారై ఐరోపా ఇళ్ల గోడలకూ, మంచాలకూ ఎక్కినది కలంకారీ అద్దకపు బట్ట. ఆ బట్ట మీద మన తీరం పేరు ఇంత గట్టిగా అంటుకోకపోవడం, చీనావాడి తెర మీద అంటుకుపోవడం నన్ను ఇప్పటికీ బాధపెట్టే విషయం.

ఇక తెర సంగతి. ఈ తెరల్లో మేలైనవి కాంగ్షీ చక్రవర్తి కాలంలో, అంటే 17వ శతాబ్దం ద్వితీయార్ధంలోనూ 18వ శతాబ్దం తొలి ఏళ్లలోనూ తయారయ్యాయి. సాధారణంగా పన్నెండు రెక్కలుంటాయి. నిలబెడితే మనిషి తల మీద మరో మూడడుగుల ఎత్తు, పూర్తిగా చాపితే ఒక పెద్ద హాలు పొడవు. రెక్క లోపలిది తేలికపాటి మెత్తని కలప. దాని మీద నారబట్ట, మెత్తగా నూరిన మట్టి, జిగురు కలిపిన పూత పొరలు పొరలుగా వేసి, ఒక్కో పొర ఆరాక నునుపు చేసి, పైన నల్లని లేదా ముదురు గోధుమ రంగు లక్కపూత పూస్తారు. ఆ తరువాత పనివాడు ఉలి పట్టుకుని, బొమ్మ గీతలను మాత్రం నల్లగా నిలబెట్టి, గీతల మధ్య భాగాన్ని లోపలి తెల్లని మట్టిపూత బయటపడేదాకా తవ్వుతాడు. తవ్విన గుంటల్లో రంగులు నింపుతాడు. చీనా భాషలో దీన్ని ‘ఖ్వాన్‌ట్సాయ్’ అంటారు. చెక్కిన రంగులు అని అర్థం. కుంచెతో వేసిన బొమ్మకు లేని ఒక గుణం దీనికి ఉంది: చీకటి పడుతున్న వేళ పక్క నుంచి దీపం వెలుగు పడితే, ప్రతి ఆకు అంచూ, ప్రతి దుస్తు మడతా తన నీడను తనే వేసుకుంటుంది.

లక్క అన్న మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఏటికొప్పాక బొమ్మలకు పూసే మన లక్క పురుగు నుంచి వస్తుంది. వేడికి కరుగుతుంది, స్పిరిట్‌లో కరిగిపోతుంది. చీనా లక్క ఒక చెట్టు పాలు. అది గట్టిపడడానికి ఎండ కాదు, గాలిలో తేమ కావాలి. ఒకసారి గట్టిపడిందంటే వేడికీ, స్పిరిట్‌కూ సులభంగా లొంగదు. మాట ఒక్కటైనా వస్తువులు వేరు. అందుకే మన లక్క బొమ్మలను బాగుచేసే పద్ధతిలో ఈ తెరను బాగుచేయబోతే తెర పాడవుతుంది.

వీటిలో చాలావాటిని పెద్ద అధికారుల పుట్టినరోజుకు కానుకగా చేయించేవారు. ముందువైపు రాజభవనం, తోటలు, కొలువు తీరిన పెద్దమనుషులు. చాలా తెరలకు వెనకవైపు ఆ కానుక ఎవరు, ఎవరికి, ఏ సందర్భంలో ఇచ్చారో తెలిపే పొడవైన అక్షరాలు. అంటే దీనికి రెండు ముఖాలున్నాయి. ఐరోపావారు దాన్ని ఒక ముఖమే ఉన్న వస్తువుగా చూశారు. 1682లో లండన్ దగ్గర ఒక ధనికుడి ఇంటికి వెళ్లిన ఇంగ్లీషు రచయిత జాన్ ఎవలిన్, హాలు గోడలకు చెక్క పలకలకు బదులు తెరలనే బిగించారనీ, వాటి మీద చీనా దేశపు జీవనం కనిపిస్తున్నదనీ తన దినచర్యలో మెచ్చుకుంటూ రాసుకున్నాడు. నెదర్లాండ్స్‌లోని లీవార్డెన్ రాజభవనంలో ఒక గది గోడలన్నీ ఇలా కోసిన తెరలతోనే కప్పారు. ఆ గది ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. రెండు ముఖాలనూ వాడుకోవాలని రెక్క మందాన్ని నిలువునా రంపంతో చీల్చి రెండు పలకలు చేసినవారున్నారు. బీరువాలకూ, అద్దాల చట్రాలకూ ముక్కలు కోసినవారున్నారు. మనుషులూ చెట్లూ తలకిందులయ్యేలా అతుకుతున్నారని 1688లోనే, లక్క పని గురించి ఇంగ్లండులో అచ్చయిన ఒక గ్రంథం వాపోయింది.

లండనులో ఒక పాత సామాన్ల దుకాణంలో నేను చూసిన నాలుగు రెక్కల తెరను మీకు చూపించాలి. అమ్మే ఆయన అది పూర్తి తెర అన్నాడు. పైనా, కిందా పూలకుండీలూ, పాత్రలూ చెక్కిన అంచు పట్టీ చక్కగా ఉంది. కానీ ఎడమ కొసనా, కుడి కొసనా నిలువు పట్టీ లేదు. ఒక గుర్రం ముందు కాళ్లు మాత్రం కుడి అంచు దాటి ఎక్కడికో వెళ్లిపోతున్నాయి. పూర్తి తెర అయితే పట్టీ నాలుగు వైపులా చుట్టి రావాలి. అంటే ఇవి పెద్ద తెరలోని నడిమి రెక్కలు. వెనక్కి తిప్పితే లక్క లేదు, అక్షరం లేదు; కొత్తగా పూసిన నల్లరంగు కింద వేలికి రంపపు గాట్లు తగిలాయి. పుట్టినరోజు కానుక ఎవరిదో చెప్పే సగం ఎక్కడ ఉందో! మీరు ఎప్పుడైనా కొనబోతే ముందు చూడవలసింది ఈ పట్టీనే, తరువాత వెనకవైపు, ఆ తరువాత మూలల్లో రాలిన చోట లోపలి మట్టిపూత. చెక్కడం లేకుండా నల్లరంగు మీద రాళ్లూ, ముత్యపు చిప్పలూ అతికించిన తరువాతి కాలపు తెరలను కూడా దుకాణాలు కోరమాండల్ అనే అమ్ముతాయి. అవి అందంగా ఉండవచ్చు. ఆ ధర మాత్రం పెట్టకండి.

నేను ఇంత పట్టుబట్టి చెప్పేది ఒక్కటే: మడత తెరను మడిచి నిలబెట్టండి, గోడకు కొట్టకండి. జపాన్‌వారు తమ తెరను ‘బ్యోబు’ అంటారు, గాలికి అడ్డు అని అర్థం. వారు రెక్కలను కాగితపు బందులతో, ఇటూ అటూ మడతపడేలా కలిపాక, రెక్కకూ రెక్కకూ నడుమ సందు పోయి, ఒకే బొమ్మ ఆరు రెక్కల మీద సాగే వీలు కలిగింది. జపాన్ చిత్రకారుడు మడతను లెక్కలో పెట్టుకునే గీశాడు. లోపలికి వంగిన రెక్క మీది కొండ దూరమవుతుంది, బయటికి వచ్చిన రెక్క మీది పూలు దగ్గరవుతాయి. కాలం చాలా గడిచాక, పారిస్‌లో జపాన్ కళాకారుడు సుగవారా దగ్గర లక్క పని నేర్చుకున్న ఐర్లండు రూపశిల్పి ఐలీన్ గ్రే, 1920లలో నల్లని లక్క దిమ్మెలను ఇటుకల్లా పేర్చి, ప్రతి దిమ్మె తిరిగేటట్టు తెరలు చేసింది. బొమ్మ అంటూ ఒక్కటీ లేదు. తిరగడమే దాని అందం. ఫ్రెంచి దుస్తుల రూపకర్త కోకో షనెల్ పారిస్ నివాసం కోరమాండల్ తెరలకు పేరు పొందిందని మీలో చాలామంది విని ఉంటారు. తలుపులను కనబడనీయకుండా గదికి గదినే మార్చడానికి ఆమె వాటిని వాడుకుంది.

మన ఇళ్ల సంగతికి వస్తాను. హైదరాబాదులోనో, విశాఖలోనో మనకు అందుబాటులో ఉన్నవి ఎక్కువగా సహారన్‌పూర్ జాలీ పని చేసిన షీషమ్ కలప తెరలు, అక్కడక్కడా కశ్మీరీ అక్రోటు చెక్కడాలు. వీటికీ అదే న్యాయం. భోజనాల బల్లకూ హాలుకూ నడుమ, పూజగది ముందు, చదువుకునే మూలకు అడ్డంగా నిలపండి. రెక్కల మధ్య మడత బాగా ఉంచండి. తెరను తిన్నగా చాపిన కొద్దీ అది పడిపోతుంది, పిల్లలున్న ఇంట్లో అది ప్రమాదం. లక్క తెర అయితే కిటికీ ఎదుట పెట్టవద్దు, ఎండకు నలుపు వెలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. ఏసీ గాలి సూటిగా తగిలితే కలప ముడుచుకుని పూత పెచ్చులు లేస్తుంది. తడిగుడ్డ అసలే వద్దు: చెక్కిన గుంటల్లోని రంగు గుడ్డతో పాటు వచ్చేస్తుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. నేలకు ఆనే పాదాల కింద చెద ఉందేమో వానాకాలం ముందొకసారీ తరువాతొకసారీ చూసుకోండి. వందేళ్లు దాటిన తెరను అమెరికాలో ఉన్న అమ్మాయికి పంపాలనుకునేవారు ఒక్కటి గుర్తుంచుకోవాలి: 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం అటువంటి వస్తువును కేంద్ర ప్రభుత్వమో, అది అధికారమిచ్చిన సంస్థో తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు.

తెర చుట్టూ మనిషి నడిచేంత చోటు మాత్రం తప్పక వదలండి. వెనకవైపు అక్షరాలుంటే, ఇంటికి వచ్చినవారిని ముందు అటే తీసుకువెళ్లండి.