తోటకొచ్చే హెడ్జ్‌హాగ్‌కి ఏం పెట్టాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

యాంకర్: నమస్కారం. రాత్రిళ్లు తోటలోకి వచ్చే హెడ్జ్‌హాగ్‌ల, అంటే ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువుల, తిండి గురించి ఇవాళ పశువైద్యులు డాక్టర్‌గారు మీ సందేహాలు తీరుస్తారు. మొదటి కాల్... హలో, చెప్పండి.

శ్రోత 1: నమస్కారం డాక్టర్‌గారూ. చీకటి పడగానే ఒకటి వస్తోందండీ. పాలు, రొట్టె ముక్కలు పెడుతున్నాం. గిన్నె నాకేసి పోతోంది.

డాక్టర్: పాలు ఈ రాత్రి నుంచే ఆపేయండమ్మా. ఇష్టంగా తాగుతుంది, నిజమే. కానీ పాలలో ఉండే లాక్టోజ్ దానికి అరగదు. విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరంతా పోతుంది. కూనలకైతే ప్రాణం మీదికే వస్తుంది. రొట్టెతో కడుపు నిండుతుందే గాని సత్తువ రాదు. లోతు తక్కువ, బరువెక్కువ ఉన్న పళ్లెంలో మంచినీళ్లు పెట్టండి, అంచు మీద కాలేసినా బోల్తా పడకూడదు. ఎండల్లో తిండికన్నా నీళ్లే ముఖ్యం.

శ్రోత 1: మరి తినడానికండీ?

డాక్టర్: మాంసంతో చేసిన పిల్లి తిండి గాని కుక్క తిండి గాని. డబ్బాలో మెత్తటిదైనా సరే, బిస్కెట్లయినా సరే. పిల్లికూనల బిస్కెట్లు చిన్నవి, నమలడం తేలిక. ఒక్కోదానికి గుప్పెడు చాలు. మిగతాది పేడపురుగులు, గొంగళిపురుగులు, వానపాములు వెతుక్కుని అదే తినాలి.

శ్రోత 2: సార్, ఎండబెట్టిన మీల్‌వార్మ్‌లు, అంటే పిండిపురుగులు, వేస్తున్నాం. వాటి కోసం పడి చస్తోంది. పెట్టొచ్చా?

డాక్టర్: వద్దు బాబూ. వాటిలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఆ లోటు పూడ్చడానికి ఒళ్లు ఎముకల్లోంచే కాల్షియం లాగేసుకుంటుంది. ఎముకలు మెత్తబడి, కాళ్లు వంకరపోయి, నడవలేని స్థితికొస్తుంది. రుచి మరిగిందంటే మిగతా తిండి వదిలేసి వాటినే ఏరుకు తింటుంది, అక్కడే ముప్పు. వేరుశనగలు, పొద్దుతిరుగుడు గింజలదీ ఇదే సంగతి.

శ్రోత 3: పెట్టిందంతా పిల్లులే తినేస్తున్నాయండీ.

డాక్టర్: దానికి పెట్టె ఒకటే మార్గం. మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, 60 సెంటీమీటర్ల పొడవుంటే మేలు. బోర్లించి, ఒక చివర 13 సెంటీమీటర్ల చదరంలో కంత కోయండి. కోసిన అంచు కత్తిలా ఉంటుంది, దాని చుట్టూ టేపు తప్పకుండా అంటించండి. గిన్నె రెండో చివర పెట్టాలి. కంత దగ్గరే పెడితే పిల్లి పంజా చాచి లాగేస్తుంది. డబ్బా మీద ఇటుక బరువు పెట్టండి. ఇంకో ఇటుక కంతకు ఎదురుగా, 13 సెంటీమీటర్ల ఎడంలో. హెడ్జ్‌హాగ్ ఆ సందులో తిరిగి లోపలికి పోతుంది. పిల్లికి పొట్ట నేలకానించి దూరడానికి చోటుండదు.

శ్రోత 3: ఎలుకలో?

డాక్టర్: పొద్దుగూకాక పెట్టండి, తెల్లారగానే మిగిలింది తీసేయండి. గిన్నె రోజూ వేడినీళ్లతో, దానికంటూ ఉంచిన బ్రష్‌తో, చేతికి గ్లవ్స్ వేసుకుని కడగండి. సాల్మొనెల్లా, తామర మనుషులకీ అంటుకుంటాయి. డబ్బాలో పాత పేపరు పరిస్తే రెట్ట తీయడం సులువు.

శ్రోత 4: డాక్టర్‌గారూ, మధ్యాహ్నం పూట గడ్డిలో పడుకుని ఉంది. ఎండ కాచుకుంటోందా?

డాక్టర్: కాదమ్మా, అది జబ్బు లక్షణం. వెంటనే గ్లవ్స్‌తో ఎత్తి, గోడలు ఎత్తుగా ఉన్న అట్టపెట్టెలో తువ్వాలు పరిచి పడుకోబెట్టండి. వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి, కావాలంటే జరిగేందుకు చోటు వదలండి. చల్లబడిన ప్రాణికి నోట్లో ఏదీ పోయొద్దు. వన్యప్రాణుల్ని చూసే వైద్యులకి ఇప్పుడే ఫోన్ చేయండి. పగలే అయినా చురుగ్గా నడుస్తూ నోట ఆకులు కరుచుకుపోతుంటే మాత్రం గూడు కట్టుకునే తల్లి కావచ్చు, దాని జోలికి పోవద్దు.

శ్రోత 5: చలికాలంలో తిండి పెడితే శీతనిద్ర చెడుతుందంటారు, నిజమేనా?

డాక్టర్: లేదండీ. నిద్రకు ముందు కొవ్వు పట్టాలి కాబట్టి అప్పుడే ఎక్కువ అవసరం. వరసగా కొన్ని రాత్రులు గిన్నె ముట్టకపోతే పడుకుందన్నమాట. అప్పుడు మెత్తటి తిండి మానేసి, కాసిని బిస్కెట్లు, నీళ్లు ఉంచండి. మధ్యలో మెలకువ వచ్చి బయటికి వస్తే బయట పురుగులు దొరకవు. నీళ్లు గడ్డకట్టాయేమో పొద్దున్నా, సాయంత్రమూ చూసుకోండి.