వానకు తడిసిన ఎల్‌ఈడీ సీరియల్ సెట్టు: బాగుచేయడానికి ఏ సామగ్రి మంచిది?

నమస్కారం. చెన్నైలో దీపావళి వచ్చేదే ఈశాన్య రుతుపవనాల వేళ కనుక, బాల్కనీ గ్రిల్లుకు కట్టిన సీరియల్ సెట్లు క్రిస్మస్ నాటికి సగం ఆరిపోయి ఉండటం మన ఇళ్లలో మామూలే. వాటిని బాగుచేయడానికి చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో దొరికే సామగ్రిలో ఏది నిలుస్తుందో ఈ రివ్యూలో చూద్దాం.

చవక సెట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 230 వోల్టుల కరెంటు చిన్న కంట్రోలర్ పెట్టెలోని డయోడ్ల (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే భాగాల) గుండా నేరుగా బల్బుల్లోకి వెళుతుంది కనుక, ఒక్కో బల్బు మూడు వోల్టులదే కదా అని ప్లగ్గులో ఉండగా ఊడిన తీగను ముట్టుకుంటే ప్రాణానికే ముప్పు. దయచేసి ప్లగ్గు తీసి, సెట్టు పూర్తిగా ఆరాకే చేయి పెట్టండి.

నేను విప్పిన సెట్టులోని ఒక బల్బు సంగతి చూడండి. దాని కింద ఉండే రెండు లోహపు కాళ్లలో ఒక కాలు బాగానే ఉంది. రెండోది తుప్పు పట్టి సూదిమొనలా సన్నబడింది. తడి ఉన్నచోట కరెంటు ఒకే దిశలో పారితే పాజిటివ్ వైపు లోహం తినేసుకుపోతుంది. బల్బులన్నీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెంట ఒకటిగా కలిపి ఉంటాయి కాబట్టి ఆ ఒక్క కాలు తెగితే ఆ వరుసంతా ఆరిపోతుంది. మల్టీమీటరును (వోల్టులు, కరెంటు కొలిచే పరికరాన్ని) డయోడ్ గుర్తుపై పెట్టి ఒక్కో బల్బును తాకిస్తే, బాగున్నది మసకగా వెలుగుతుంది. మార్చేటప్పుడు అదే రంగు బల్బు వేయండి. ఎరుపుకు సుమారు 2 వోల్టులు, తెలుపు, నీలాలకు సుమారు 3 వోల్టులు కావాలి.

తీగ తొడుగు ఒలిస్తే రాగి మెరవాలి. నల్లబడినా, చిలుము పట్టినా సోల్డర్ (తీగలను అతికేందుకు కరిగించే లోహం) సరిగా అంటదు. జానెడు కత్తిరించినా నలుపే కనిపిస్తుంటే, నీరు తొడుగు లోపల చాలా దూరం పాకినట్టే; ఆ సెట్టును పారేయమనే చెబుతాను. కంట్రోలర్ పెట్టెలోకి నీరు పోయినా అంతే.

అతుకు మీద నల్ల టేపు చుట్టడం నాకు బొత్తిగా నచ్చలేదు. ఎండకు దాని జిగురు జారిపోయి, చేరిన నీరు బయటికి పోయే దారి లేక లోపలే నిలుస్తుంది. గ్లూ గన్ జిగురు కొంత నయమే గానీ పీవీసీ తొడుగు నుంచి పెళ్లగా ఊడివస్తుంది. లోపల జిగురు పూత ఉన్న హీట్ ష్రింక్ స్లీవే (వేడి చేస్తే ముడుచుకుని తీగను బిగించే గొట్టమే) నా ఎంపిక. మామూలు స్లీవ్ కన్నా ధర ఎక్కువైనా ఇదే కొనండి. సోల్డర్ చేయకముందే ఒక్కో కాలికి ఒక్కో స్లీవ్ ఎక్కించి, తర్వాత వేడి చేయండి. కరిగిన జిగురు రెండు అంచులా కొద్దిగా ఉబికి బయటికి కనిపిస్తేనే అతుకు మూసుకున్నట్టు.

ఇంత చేసినా ఈ సెట్టును హాల్లోనే వాడండి. బాల్కనీకి మాత్రం అడాప్టర్ ఇంటి లోపలే ఉండే, తక్కువ వోల్టేజీతో నడిచే ఐపీ65 రకం (దుమ్ము, నీటి జల్లు లోపలికి పోనిది) కొనుక్కుని, 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉన్న లైనుకే కలపండి.